బల్ల దగ్గర తెలిసే విశ్వాసం

(ఉయ్యూరులో చేసిన ధర్మనిధి ఉపన్యాసం. అచ్చు కోసం కొద్దిగా సవరించినది.)



ఈ ధర్మనిధి ఒక బైబిలు స్త్రీ జ్ఞాపకార్థం ఏర్పడింది. ఆమె పేరు కరపత్రంలో వేయవద్దనీ వేదిక మీద చెప్పవద్దనీ ఆమె మనుమలు కోరారు. అందుకని చెప్పను. బైబిలు స్త్రీ అంటే ఎవరో ఈ కాలపు పిల్లలకు తెలియకపోవచ్చు. మిషన్ల కాలంలో పాస్టరు అడుగుపెట్టలేని చోటికి, అంటే ఇళ్ళలో ఆడవాళ్ళ దగ్గరికి, వెళ్ళి వాక్యం చదివి వినిపించిన స్త్రీలు వాళ్ళు. కాలవగట్ల వెంట ఊరి నుంచి ఊరికి నడిచేవారు. అక్షరాలు నేర్పేవారు. పురుడు వచ్చిన ఇంట, చావు వచ్చిన ఇంట ముందుగా కనిపించేవారు. కృష్ణా మండలంలో సీఎంఎస్ (చర్చ్ మిషనరీ సొసైటీ) వారికీ, ఈ ఉయ్యూరులో ఆసుపత్రి నడిపిన కెనడా బాప్టిస్టులకూ ఇలాంటి స్త్రీలు ఉండేవారు. మిషనరీ దొరల జీవితచరిత్రలు అచ్చయ్యాయి. ఈ స్త్రీలలో చాలామందికి సమాధి మీద రాయి కూడా లేదు.

నాకు ఇచ్చిన అంశం నిజమైన క్రైస్తవ నిబద్ధత. మనలో ఒక మనిషి నిబద్ధతను కొలవడానికి అలవాటైన కొలతలు కొన్ని ఉన్నాయి. తెల్లవారుజామున లేచి ప్రార్థన చేస్తాడా, ఉపవాసం ఉంటాడా, కూటాలకు తప్పకుండా వస్తాడా, సాక్ష్యం ధైర్యంగా చెబుతాడా అని చూస్తాం. వీటిని నేను తక్కువ చేయను. అయితే ఇవన్నీ చేస్తూనే మనిషి ఏమీ మారకుండా ఉండిపోవచ్చు. నేను మొదట చూసేది ఇంకొకటి. ఎవరి పక్కన కూర్చుని భోంచేస్తున్నాడు? ఎవరిని తన ఇంటి పంక్తిలో కూర్చోబెడుతున్నాడు? ఈ నేల మీద, ఈ డెల్టాలో, ఒక మనిషి క్రీస్తును నిజంగా నమ్మాడో లేదో తేలేది అక్కడే అని నా నమ్మకం. ఈ సాయంత్రం నేను చెప్పబోయేది ఆ ఒక్క మాటే.

బందరు నుంచి మొదలుపెడతాను. 1841లో ఇద్దరు యువకులు సీఎంఎస్ తరఫున బందరు వచ్చారు. ఒకరు హెన్రీ ఫాక్స్. ఊరూరా తిరిగి ప్రకటించాలని ఆయన తపన. ఇక్కడి ఎండకూ జబ్బులకూ శరీరం నిలవలేదు. భార్యను పోగొట్టుకున్నాడు. 1848లో ఇంగ్లండులో, ముప్పై దాటిన కొద్దికాలానికే, తానూ కన్నుమూశాడు. రెండో ఆయన రాబర్ట్ నోబుల్. 1843లో ఆయన పెట్టిన పాఠశాలే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు పాఠం చెప్పిన కాలేజీ, ముట్నూరి కృష్ణారావుగారు చదువుకున్న కాలేజీ అది. వచ్చినప్పటి నుంచి చనిపోయేదాకా, ఇరవై నాలుగేళ్ళపాటు, నోబుల్ ఒక్కసారి కూడా స్వదేశం వెళ్ళలేదు. 1864 నవంబరు 1 రాత్రి బందరును ఉప్పెన ముంచి, సుమారు ముప్పై వేల మందిని తీసుకుపోయింది. ఆ నాశనం తర్వాత కూడా ఆయన బందరు వదలలేదు. మరుసటి ఏడాది అక్కడే చనిపోయాడు, ఆ మట్టిలోనే ఉన్నాడు. ఇంతకంటే నిబద్ధత ఏం కావాలి అని అడగవచ్చు. నేనూ ఆయన పేరు తలచుకున్నప్పుడల్లా తల వంచుతాను.

అయినా ఒక సంగతి చెప్పకుండా దాటలేను. నోబుల్ తన పాఠశాలలో పై కులాల పిల్లలను చేర్చుకున్నాడు. మాల మాదిగ పిల్లలకు అందులో చోటు లేదు. వాళ్ళను చేర్చుకుంటే బ్రాహ్మణ, వెలమ కుటుంబాలు తమ పిల్లలను పంపవని ఆయన లెక్క. పై కులాల వారు క్రీస్తును తెలుసుకుంటే ఆ వెలుగు క్రమంగా కిందికి దిగుతుందని ఆశ. ఆ కాలంలో చాలామంది మిషనరీలు ఇలాగే ఆలోచించారు. ప్రాణం పెట్టిన మనిషి కూడా పంక్తి దగ్గర ఆగిపోయాడు.

1852లో ఆ బడిలోని ఇద్దరు విద్యార్థులు, ఐనాల భూషణం, మంచాల రత్నం, బాప్తిస్మం పొందారు. ఒకరు వెలమ, ఒకరు బ్రాహ్మణ. ఊరంతా అట్టుడికింది. బడి ఖాళీ అయింది. దేనికి భయపడి నోబుల్ బడి గుమ్మాన్ని కాపాడుతూ వచ్చాడో అదే జరిగింది, వేరే కారణాన. ఆ ఇద్దరు కుర్రాళ్ళూ ఇంటికి తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయింది. అప్పుడు నోబుల్ వాళ్ళను తన ఇంట్లో ఉంచుకున్నాడు. ఇక్కడ కొంచెం ఆగుదాం. ఈ ఇద్దరూ చేసిన పనిలో ఊరికి కష్టం కలిగించింది ఏమిటి? వాళ్ళు యేసును మెచ్చుకోవడం కాదు. బైబిలు చదవడం కాదు, అది బడిలో అందరూ చదివిందే. మనసులో ఎవరిని కొలిచినా ఇంట్లో వాళ్ళు సర్దుకుపోయేవారేమో. ఎవరితో కలిసి తింటావు అన్నప్పుడు మాత్రం సర్దుబాటు లేదు. బాప్తిస్మం నీళ్ళు పడ్డ మనిషి పంక్తి మారిపోయాడని ఆ తల్లిదండ్రులకు అర్థమైంది. మనకంటే బాగా అర్థమైంది అని కూడా అనిపిస్తుంది. ఆ ఇద్దరూ తర్వాత గురువులుగా అభిషేకం పొందారు.

వెలుగు పై నుంచి కిందికి దిగుతుందని నోబుల్ ఎదురుచూస్తుండగా అది మరో దారిన వచ్చింది. కృష్ణా పై భాగాన రాఘవాపురం అనే పల్లెలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద ఉండేవాడు. బొమ్మలకు మొక్కడం మానేసి, తనకు పేరు తెలియని ఒక్క దేవుణ్ణి, నిన్ను నాకు చూపించమని ఏళ్ళ తరబడి అడిగిన మనిషి. బెజవాడలో డార్లింగ్ అనే మిషనరీ దగ్గర సువార్త విన్నాడు. తాను వెతుకుతున్నది ఈయననే అని గుర్తుపట్టాడు. 1859లో బాప్తిస్మం పొందాడు. ఆయనతో ఇంటివాళ్ళు, ఆ వెనక వియ్యాలవారి ఊళ్ళు, వాళ్ళ చుట్టాల ఊళ్ళు కదిలాయి. కృష్ణా మండలంలో ఈరోజు వందల పల్లెల్లో ఉన్న సంఘాలు పుట్టింది ఇలా. కాలేజీ మెట్ల మీద నుంచి కాదు, పల్లెల్లోని చుట్టరికాల వెంట. ఇంగ్లీషు రాని, పొలం లేని, ఊరి బావిలో చేద వేసే హక్కు లేని మనుషుల కాళ్ళ మీద సువార్త ఈ డెల్టాలో నడిచింది. మన సంఘాల చరిత్ర చెప్పేటప్పుడు దొరల పేర్లతో మొదలుపెడతాం. వెంకయ్య పేరుతో మొదలుపెట్టే రోజు రావాలి.

ఇప్పుడు గ్రంథం వైపు చూద్దాం. అంతియొకయలో పేతురు అన్యజనులైన విశ్వాసులతో కలిసి భోంచేస్తూ ఉండేవాడు. యెరూషలేము నుంచి యాకోబు తరఫు వారు కొందరు రాగానే మెల్లగా వెనక్కి తగ్గి వేరుగా కూర్చున్నాడు. ఆయన క్రీస్తును కాదనలేదు. ప్రార్థన మానలేదు. సిద్ధాంతం ఒక్క అక్షరం మార్చలేదు. కూర్చునే చోటు మార్చుకున్నాడు, అంతే. దానికి పౌలు అందరి ముందూ ఆయనను నిలదీశాడు. సువార్త సత్యానికి సరిగా నడవడం లేదన్నాడు. ఈ సంగతి గలతీయులకు రాసిన పత్రికలో, రెండో అధ్యాయంలో ఉంది, ఇంటికి వెళ్ళి చదవండి. కొరింథులో కలిగినవాళ్ళు ముందే తినేసి, కూలి చేసుకుని ఆలస్యంగా వచ్చిన పేదలకు ఏమీ మిగల్చకపోతే, మీరు చేస్తున్నది ప్రభువు భోజనమే కాదని అదే పౌలు అన్నాడు. ఆది సంఘంలో పెద్ద గొడవలు బల్ల దగ్గరే వచ్చాయి.

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ సభ జరిగింది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య అనే తమిళ యువకుడు అక్కడ మాట్లాడాడు. మిషనరీలు మా కోసం ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు ఇంకా కావలసింది స్నేహం అన్నది ఆయన మాటల సారం. సభలో చాలామందికి అది రుచించలేదు. తమ త్యాగం మీద నేరం మోపినట్టు భావించారు. ఆయన అడిగింది త్యాగం కంటే పెద్దది. త్యాగం ఎత్తు మీద నిలబడి కూడా చేయవచ్చు, స్నేహానికి పక్కన కూర్చోవాలి. రెండేళ్ళకు, 1912లో, ఆయన దోర్నకల్ బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పయిన తొలి భారతీయుడు ఆయనే. తర్వాత కృష్ణా మండలంలోని సీఎంఎస్ సంఘాలు కూడా ఆయన ఏలుబడిలోకి వచ్చాయి. తెలుగు నేర్చుకుని పల్లెపల్లెకూ తిరిగాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగింటితో పోరాడకుండా సువార్త ప్రకటించడం ఆయనకు సమ్మతం కాదు. అంతే గట్టిగా మరొకటి పట్టుబట్టాడు: పేదవాడు కూడా ఇచ్చేవాడు కావాలి, ఎప్పుడూ పుచ్చుకునేవాడుగా ఉండకూడదు. వంట చేసేటప్పుడు తల్లులు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చే అలవాటు మన సంఘాల్లో అలాగే వేళ్ళూనుకుంది. ఆ పిడికెడు తీసినందుకు ఇంట్లో ఒకరికి కూడు తగ్గిన రోజులు ఉన్నాయి. ఆ బియ్యంతో ఉపదేశకులు బతికారు. మన అమ్మమ్మలు కట్టిన గుడులు అవి. ఈరోజు విదేశీ ధనం రాకపోతే పని ఆగిపోతుందని దిగులుపడేవాళ్ళు ఆ కుండను గుర్తుచేసుకోవాలి.

మీలో కొందరికి కష్టంగా తోచే మాట ఒకటి ఇప్పుడు చెబుతాను. మన పొరుగున ముదునూరు ఉంది. గోపరాజు రామచంద్రరావుగారు, అందరూ గోరా అనేవారు, 1940లో అక్కడ నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు. వృక్షశాస్త్రం బోధించిన అధ్యాపకుడు. దేవుడు లేడన్నందుకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ముదునూరులో పౌర్ణమి రాత్రుల్లో అన్ని కులాల వాళ్ళనూ పిలిచి సహపంక్తి భోజనాలు పెట్టేవాడు. తన పెద్ద కూతురు మనోరమను దళితుడైన అర్జునరావుకు ఇచ్చి చేశాడు. ఆ పెళ్ళి సేవాగ్రాంలో తానే దగ్గరుండి జరిపిస్తానని గాంధీజీ మాటిచ్చారు. ఆయన హత్య తర్వాత 1948 మార్చి 13న అక్కడే ఆ పెళ్ళి జరిగింది. కొడుకు లవణం చేసుకున్నది గుర్రం జాషువా గారి కూతురు హేమలతను. జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టి, అంటరానితనం అనుభవించి, పురాణాలు చదివాడని క్రైస్తవుల చేత కూడా దూరం పెట్టించుకున్న మహాకవి. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది.

దేవుడు ఉన్నాడా అనే ప్రశ్న దగ్గర గోరాగారితో నాకు ఏ మాత్రం ఏకీభావం లేదు. దేవుడు ఉన్నాడు, ఆయన కుమారుని రక్తం చేతనే నాకు విడుదల అని నమ్మినవాణ్ణి నేను. కాని తండ్రి పని నేను చేయనని చెప్పి ఆ తర్వాత వెళ్ళి చేసిన కొడుకు గురించీ, చేస్తానని చెప్పి చేయని కొడుకు గురించీ ప్రభువు ఒక ఉపమానం చెప్పాడు. ముదునూరు పక్కనే గుడులు కట్టుకున్న మనం ఈ రెండో కొడుకుగా మిగిలిపోయామా అని ప్రశ్నించుకోక తప్పదు.

ఎందుకు ప్రశ్నించుకోవాలో చెబుతాను. మాల సంఘం, మాదిగ సంఘం అని మనలో మనం పిలుచుకునే మాటలు ఇంకా పోలేదు. ఒకే ఊళ్ళో, ఒకే ప్రభువు పేరు మీద, అరమైలు దూరంలో రెండు గుడులు నిలబడి ఉంటాయి. ఒక గుడి పండుగకు రెండో గుడివాళ్ళు రారు. సమాధుల స్థలంలో కూడా ఎవరి మూల వాళ్ళదే. రెడ్డి, కమ్మ కుటుంబాల నుంచి వచ్చిన విశ్వాసుల్లో కొందరు కూటంలో అందరితో చేతులెత్తి పాడతారు, భోజనాల వేళకు కారెక్కుతారు. క్రైస్తవ పెళ్ళి సంబంధాల ప్రకటనలు చూడండి: రక్షణ పొందిన వధువు కావాలి అని రాసి, వెంటనే కులం పేరు రాస్తారు. రక్షణ పొందినవాడికి ఇంకా ఆ రెండో షరతు ఎందుకో ఏ పాస్టరుగారూ బల్ల గుద్ది అడగరు. బల్లారాధన నాడు మాత్రం ఒకే రొట్టె విరిచి, మనమంతా ఒకే శరీరమని చెబుతారు.

నిజాయితీ అనగానే మనవాళ్ళ మీద పడే ఒక నింద ఉంది. ఆదివారం గుడికి వెళ్ళి, బడి రికార్డులో హిందువని రాయించుకుంటారని. ఇందులో ఎంత బాధ ఉందో తెలియకుండా మాట్లాడకూడదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కాని వారికి ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకూ ముస్లింలకూ తెరవలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలకు బీసీ-సీ కింద ఉన్నది ఒక్క శాతం. 2022లో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ను ఈ ప్రశ్న పరిశీలించమని వేశారు. మతం మారినా మాలపల్లె మాలపల్లెగానే ఉంది, కూలి కూలిగానే ఉంది. అవమానం కూడా ఎక్కడికీ పోలేదు. పోయేది హోదా ఒక్కటే. తన బిడ్డ చదువు కోసం కాగితం మీద ఒక మాట రాయించుకున్న తల్లిని వేషధారి అని పిలవడానికి నాకు నోరు రాదు. అలాగని అబద్ధాన్ని నేను సమర్థించను. ఆ కాగితం మీద నిజం రాసి, దాని మూల్యం పూర్తిగా చెల్లించిన కుటుంబాలు కూడా ఉన్నాయి. ఆ కుటుంబాల పిల్లల చదువుకు సంఘం ఏం చేసింది? పై కులాల నుంచి వచ్చిన విశ్వాసికి మతం మారితే కాగితం మీద పోయేదేమీ లేదు. మూల్యం ఒక్కరి మీదే పడుతున్నప్పుడు దాన్ని అందరూ పంచుకోవడమే సంఘం. మీ సంఘంలో ఒక విద్యానిధి లేకుండా ఆ తల్లిని వేలెత్తి చూపవద్దు.

సంఘం తలుపు తెరిచిన రోజులు లేవా? ఉన్నాయి. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీరాల చేరిన జనానికి ఆశ్రయం ఇచ్చింది అక్కడి చర్చి ఆవరణ. రాష్ట్రమంతటినీ కదిపిన దళిత ఉద్యమానికి ఆ శిబిరమే కేంద్రమైంది. ఆ గేటు మూసి ఉంచడానికి కారణాలు కావాలంటే బోలెడు దొరికేవి: పోలీసుల గొడవ, ఊరి పెద్దల కోపం, ఆస్తికి నష్టం. తెరిచారు. తెలుగు సంఘ చరిత్రలో నేను గర్వపడే పేజీ అది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు మరో పేజీ. పదివేల మంది దాకా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మదర్ థెరిసా వచ్చారు. సంఘాల సహాయ సంస్థ కాసా వచ్చింది. రామకృష్ణ మిషను వారు, ఆరెస్సెస్ వారు, గోరాగారి నాస్తిక కేంద్రం వారు వచ్చారు. శవాలను ఎత్తడానికి ముందు ఎవరూ కులం అడగలేదు, అడిగే వీలూ లేదు. ఇంత పెద్ద చావు వస్తే తప్ప కలిసి నడవలేమా అని ఆ రోజుల్లో దివిసీమ వెళ్ళినవాళ్ళలో ఎందరికో అనిపించి ఉంటుంది.

విశ్వాసులైన రైతులు, యజమానులు కూడా ఇక్కడ ఉన్నారు గనుక ఒక చిన్న మాట. చెరకు నరికినవాడి కూలి, వరి కోసినవాడి కూలి పొద్దుగూకేలోగా ఇవ్వాలన్నది మోషే ధర్మశాస్త్రం. బిగబట్టిన కూలి దేవుని చెవిలో కేకలు వేస్తుందని యాకోబు రాశాడు. దశమభాగం ఇచ్చేముందు కూలి బాకీ తీర్చండి.

చివరిగా ఈ చుట్టుపక్కల సంఘాల పెద్దలను కొన్ని అడుగుతున్నాను. ప్రతి కోతపండుగకూ పక్క పల్లె సంఘాన్ని పిలవండి, పిలిచి ఒకే వరసలో విస్తళ్ళు వేయండి. వడ్డించేవాళ్ళలో రెండు పల్లెలవాళ్ళూ ఉండాలి. సమాధుల స్థలంలో గీసుకున్న గీతలు చెరిపేయండి. కులాంతర వివాహం చేసుకున్న విశ్వాసుల పిల్లలు బెదిరి పారిపోయి వస్తే, వాళ్ళకు మొదటి రాత్రి ఆశ్రయం సంఘ పెద్ద ఇంట్లోనే దొరకాలి. కాగితం మీద నిజం రాసినందుకు నష్టపోయిన పిల్లల కోసం విద్యానిధి పెట్టండి, పిడికెడు బియ్యంతోనైనా మొదలుపెట్టండి. ఈ ధర్మనిధి కుటుంబం వారు అందులో మొదటి కానుక తామే వేస్తామని నాతో చెప్పారు. ఉపన్యాసం అయిపోగానే బయట అందరికీ భోజనం ఉంది. దయచేసి ఎవరూ వెళ్ళిపోవద్దు. ఇప్పటిదాకా ఎవరి పక్కన కూర్చోలేదో వెతుక్కుని వాళ్ళ పక్కన కూర్చోండి.